రీచార్జ్ అయ్యే భూముల్లో ఏది దేనికి పనికొస్తుంది? మా పంచాయతీ మ్యాపు మీద సలహా కావాలి (అనంతపురం)

గుట్టకింద_కుర్రోడు | కళ్యాణదుర్గం వైపు

అందరికీ నమస్కారం. మా పంచాయతీ ప్రణాళిక కోసం నీళ్ల కమిటీవాళ్లు నాకొక పని అప్పజెప్పినారు. వాన నీళ్లు భూమిలోకి ఎక్కడ బాగా దిగుతాయో చూపిస్తూ, ఆ జాగాల్లో ఏం చేయొచ్చో ఏం చేయకూడదో ఒక మ్యాపు వేసియ్యాల. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో కూర్చోని వాలు, నేల రకం, రాయి రకం, వంకల సాంద్రత, పగుళ్ల సాంద్రత, భూ వినియోగం, వర్షపాతం మొత్తం ఏడు లేయర్లు తీసుకున్నా. ఏహెచ్‌పీ అనే పద్ధతితో వెయిట్లు (ఏ లేయరుకు ఎంత బరువో) ఇచ్చి కలిపినా. కన్సిస్టెన్సీ రేషియో 0.06 వచ్చింది, అంటే లెక్క సరిగానే ఉన్నట్టు.

మ్యాపులో చెరువు లోపల, వంకల పక్కన ముదురు నీలం (చాలా మంచిది) వచ్చింది. గుట్టల అడుగున ఉన్న గరుసు బీడంతా 'మధ్యరకం'. ఊర్లో చూపిస్తే పెద్దాయనొకాయన "ఆ బీడులో వానొస్తే నీళ్లు నిలబడనే నిలబడవు, మ్యాపేమో ఇట్లుంది" అని నవ్వి పోయినాడు.

ఇంతకీ నా ప్రశ్న: వెయిట్లు ఎట్ల సరిచేయాల? ఆ తర్వాత 'ఇక్కడ ఇది చేయొచ్చు' అనే మాటకు ఎట్ల రావాల?

---

రాతిపొర | అనంతపురం టౌన్

తమ్ముడూ, ముందు ఆ 0.06 సంగతి చూద్దాం. సాటీ అనే ఆయన 1970ల్లో పెట్టిన పద్ధతి ఇది. రెండు రెండు అంశాలను 1 నుంచి 9 దాకా మార్కులేసి పోలుస్తాం. రేషియో 0.1 లోపు ఉంటే నువ్విచ్చిన మార్కులు ఒకదానితో ఒకటి కొట్టుకోవడం లేదని మాత్రమే అర్థం. ఆ మార్కులు నిజమని కాదు. తప్పు అభిప్రాయాలు కూడా చక్కగా పొంతన కుదురుతాయి.

వర్షపాతం లేయరు తీసెయ్. ఒక పంచాయతీకి, చివరికి ఒక మండలానికి కూడా, ఆ లేయరుతో ఏమీ తేలదు. ఒకటో రెండో వానమాపక కేంద్రాల లెక్కలు పట్టుకొని మధ్యలో రంగులు పూయించడమే కదా చేసేది? కంప్యూటర్ అందంగా పూస్తుంది, అర్థం మాత్రం ఉండదు.

పగుళ్ల లేయరు ఆటోమేటిక్‌గా తీసినావా? అట్లైతే తెరిచి, కింద ఉపగ్రహ చిత్రం పెట్టి ఒక్కొక్క గీతా చూడు. సగం రోడ్లు, హంద్రీ-నీవా కాలువ గట్టు, చేల గెనాలు ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌కు తిన్నగా ఉండేదంతా పగులే.

ఇక వాలు, వంకల సాంద్రత రెండూ పెట్టినావు. మన గ్రానైటు నేలల్లో ఆ రెండూ చాలావరకు ఒకే కథ చెప్తాయి. ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచినట్టు అయింది.

అన్నిటికంటే పెద్దది ఒకటుంది, సాయంత్రం తీరిగ్గా రాస్తా.

---

చీనీతోట | ధర్మవరం దగ్గర

ఆ పెద్దదేందో నేను చెప్తా సార్, మీరు రాసేలోపల. నీళ్లు పడే తావు వేరు, నీళ్లు దిగే తావు వేరు. నా తోట పల్లంలో ఉండాది. బోరులో రెండించులు పడినాయి. అట్లని నా తోటలో నీళ్లు దిగుతాయని కాదు కదా! పైన గుట్ట కింద గరుసులో దిగినవి లోపల్లోపల నడిచి నా దగ్గరికి వస్తాండాయి. ఆ గరుసులో బోరేసినోళ్లకి 700 అడుగులు పోయినా దుమ్మే వచ్చింది. అందుకే దాన్ని పనికిరాని భూమి అంటారు అందరూ.

---

రాతిపొర

చీనీతోట అన్న నా పోస్టు మిగలనియ్యలేదు :) సరిగ్గా అదే. తమ్ముడూ, నువ్వు వేసింది 'భూగర్భ జలం దొరికే చోట్లు' చూపించే మ్యాపు. నీ ఏడు లేయర్లూ ఆ పని కోసం జనం వాడేవే. చెరువూ వంకా నీలం రావడం అందుకే. అక్కడ నీళ్లు చేరతాయి. నీళ్లు లోపలికి పోయే చోటు వెతకాలంటే ప్రశ్న మార్చాలి. పైనున్న నేల ఎంత వేగంగా తాగుతుంది? కింద మెత్తబడిన రాయి ఎంత మందాన ఉంది? నీటి మట్టం ఎంత లోతులో ఉంది, అంటే ఇంకా పట్టడానికి చోటుందా?

బోరు దిగుబడులతో మ్యాపును సరిచూసుకోవడం కూడా ఇదే చిక్కు. బోర్లు బాగా పారే చోట నీలం వస్తే మ్యాపు కరెక్టని రాసేస్తారు. రీచార్జ్ గురించి దానివల్ల ఏమీ తెలియదు. వానకు ముందు, వాన తర్వాత మట్టం ఎంత లేచిందో చూడాలి.

---

గుట్టకింద_కుర్రోడు

సార్, అన్నా, ఇద్దరికీ థ్యాంక్స్. మెత్తబడిన రాయి మందం నాకెట్ల తెలుస్తుంది? దానికి డేటా యాడా దొరకలేదు.

---

నీటిగుంత_అక్క | ఉపాధి, వాటర్‌షెడ్ పనులు, శ్రీ సత్యసాయి జిల్లా

తమ్ముడూ, మీ ఊర్లో ఎండిపోయిన పాత దిగుడు బావులు ఉంటాయి కదా, డేటా అక్కడుంది. మధ్యాహ్నం ఎండ లోపలికి పడేటప్పుడు పోయి తొంగి చూడు. పైన ఎర్రమట్టి, దాని కింద గులకరాళ్ల గరుసు, దాని కింద గోరుతో గీరితే రాలే తెల్లటి మెత్తరాయి, అడుగున నల్లటి గట్టి బండ కనిపిస్తాయి. ఒక్కొక్కటి ఎన్ని నిలువులుందో మెట్లు లెక్కపెట్టుకుంటే చాలు. ఆ మెత్తరాయి పొరే మన నీళ్ల తొట్టి. నేను చూసిన ఊర్లలో ఒక బావిలో అది ఇరవై అడుగులుంటే, వంక దాటి అవతల బావిలో మూడడుగులే. ఏ ఉపగ్రహం చూపిస్తుంది దాన్ని? పక్కకు పోయే ముందు బావి గోడలో ఎక్కడెక్కడ తడి మరకలున్నాయో కూడా చూసుకో, ఒకప్పటి ఊటలు అవే.

నేల ఎంత తాగుతుందో కూడా చూడొచ్చు. రెండు పక్కలా కోసేసిన పాత డబ్బా ఒకటి తీసుకొని జానెడు లోపలికి దిగగొట్టు. బయట ఇంకో వెడల్పు రింగు పెట్టి రెండింట్లో నీళ్లు పొయ్యి. బయటిది దేనికంటే లోపలి డబ్బా నీళ్లు పక్కలకు జారిపోకుండా. లోపల స్కేలు పెట్టి మట్టం దిగడం రాసుకో. మొదటి పావుగంట లెక్క నమ్మొద్దు, ఎండిన నేల ఏదైనా ఆబగా తాగుతుంది. ముఖ్యంగా నల్లరేగడి. నెర్రెల్లోకి బిందెలకు బిందెలు పోతాయి, ఓహో అనుకుంటాం. తడిసి ఉబ్బినాక నెర్రెలు మూసుకుపోతాయి, ఇక దిగదు. గంట దాటినాక వచ్చే వేగమే నిజం. గరుసులో చేసి చూడు, మీ పెద్దాయన ఎందుకు నవ్వినాడో తెలుస్తుంది.

చెరువు లోపల నీలం వచ్చిందన్నావు. ఎండాకాలం చెరువులోకి దిగితే పైన ఒండ్రు ఎండి పెంకుల్లాగా లేచి ఉంటుంది చూడు. ఒక పెంకు ఎత్తి కింద వేలు పెడితే మెత్తటి బంక. ఆ బంక ఉన్నన్నాళ్లు చెరువు నీళ్లను నిలబెడుతుంది కానీ కిందికి పంపేది తక్కువ. పూడిక తీసినచోటే దిగుతుంది.

---

బోరుబండి_బాబు

ఇంత కష్టమెందుకు, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని నడిస్తే నిలబడతాది కదా, అదే పాయింటు 😄

---

చీనీతోట

ఆ కొబ్బరికాయ మాట విని మా చిన్నాయన నాలుగు బోర్లేసినాడు. కాయ మాత్రం ప్రతిసారి నిలబడింది.

---

రాతిపొర

అక్క చెప్పిన బావి మాటకు నా వోటు. ఇప్పుడు కొంచెం అంకెలు, ఎందుకంటే పంచాయతీలో ఇవే అడుగుతారు.

అనంతపురం సగటు వాన ఏడాదికి సుమారు 550 మి.మీ. దేశంలో భూగర్భ జలాల అంచనాకు 1997లో పెట్టిన జీఈసీ (భూగర్భ జల అంచనా కమిటీ) పద్ధతిలో, బంకమట్టి తక్కువగా ఉన్న మెత్తబడిన గ్రానైటు నేలలకు వానలో 11 శాతం లోపలికి దిగుతుందని తీసుకునేవాళ్లు. బంక ఎక్కువైతే 8. పగుళ్లు లేని ఒంటి బండకు 1 శాతమే. మంచి నేలకే లెక్కేస్తే 550లో 60 మి.మీ. అంటే ఎకరాకు ఏడాదికి దాదాపు రెండున్నర లక్షల లీటర్లు.

వరికి మన దగ్గర 1200 మి.మీ. దాకా నీళ్లు కావాలి. అంటే బోరు కింద ఎకరా వరి పండించాలంటే సుమారు 20 ఎకరాల మీద దిగిన వాన కావాలి. రబీ వేరుశనగైనా ఎనిమిదెకరాల వాన తాగుతుంది. పొలంలో పెట్టిన నీళ్లలో కొంత తిరిగి దిగుతుంది, అది వదిలేసి మోటుగా వేసిన లెక్క ఇది. అయినా సంగతి అర్థమవుతుంది. పైన ఆ 20 ఎకరాలు ఎవరివి, వాటిని ఏం చేస్తున్నారు అనేదే నీ మ్యాపు అడగాల్సిన ప్రశ్న.

సరిచూసుకోవడానికి ఒక దారి: మన రాతిలో నీళ్లు పట్టే ఖాళీ 2 శాతం అనుకుంటే, 60 మి.మీ. దిగితే మట్టం 3 మీటర్లు లేవాలి. మీకు దగ్గర్లో భూగర్భ జల శాఖ పరిశీలన బోరు ఉంటే ఏపీడబ్ల్యూఆర్‌ఐఎంఎస్ అనే రాష్ట్ర జలవనరుల సైట్లో మే నెల మట్టం, నవంబరు మట్టం చూడు. లేచింది ఎంతో తెలుస్తుంది.

ఇంకో మాట. జీఈసీలో 20 శాతం కంటే ఎక్కువ వాలున్న గుట్టలను రీచార్జ్ విస్తీర్ణం నుంచి తీసేస్తారు. దాన్ని చూసి గుట్టను 'పనికిరానిది' అని రంగు పూయొద్దు. గుట్ట మీద పడిన నీళ్లే కదా కింద గరుసులోకి వచ్చేది. గుట్ట పళ్లెం అయితే గరుసు జల్లెడ.

---

సున్నపురాయి | ఎర్రగుంట్ల, కడప జిల్లా

అనంతపురం అన్నలు గ్రానైటు మాటే మాట్లాడుతున్నారు. మా వైపు అడుగున సున్నపురాయి ఉంది. ఆ లెక్కలు మాకు అతకవు. తాడిపత్రి, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు వైపు ఇదే రాయి. బెలుం గుహలు చూసినవాళ్లకు తెలుస్తుంది, నీళ్లు ఆ రాయిని ఎంత దూరం తొలిచినాయో. మూడు కిలోమీటర్లకు పైనే.

మా దగ్గర నీళ్లు నేలంతా సమానంగా దిగవు. ఒక చీలికో ఒక గుంతో దొరికిందా, వరదంతా అందులోనే. మిగతా నేలంతా బండే. మ్యాపులో ఆ చీలిక ఒక పిక్సెల్ కూడా రాదు. ఇంకో ప్రమాదం, గరుసులో దిగిన నీళ్లు ఎంతో కొంత వడకట్టుకొని పోతాయి. చీలికలో పోయేవి పోయినట్టే పోతాయి. అట్లాంటి చోట ఊరి చెత్త పోస్తే పక్క ఊరి బావిలో తేలుతుంది. కాబట్టి మా వైపు 'రీచార్జ్ బాగుంది' అంటే 'ఇక్కడ గుంతలు తవ్వి నీళ్లు దింపండి' అని కాదు. మురికి పనులేవీ దగ్గరికి రానియ్యొద్దని.

2015 చివర్లో పెద్ద వానల తర్వాత చింతకొమ్మదిన్నె మండలంలో భూమి ఉన్నట్టుండి గుంతలు పడింది గుర్తుందా? పొలాల్లో నడవాలంటే భయపడినారు. లోపల నీళ్లు తోడేసి ఖాళీ అయినచోట పైన వరద దిగితే ఏమవుతుందో అప్పుడు చూసినాం.

---

నీటిగుంత_అక్క

మా వైపూ మురికి మాట ఉంది సున్నపురాయి గారూ. ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. మాకు దాటిన బోర్లు బోలెడు. కానీ అది పైనుంచి దిగింది కాదు, రాతిలోంచి వచ్చేది. లోతు బోర్లలో చాలాకాలం నిలిచిన నీళ్లలో ఎక్కువ. కొత్త వాన నీళ్లు దిగేచోట పల్చబడుతుంది. తాగునీటి బోరు పైనుండే రీచార్జ్ నేలకు మొదటి వరుస ఇవ్వాలని నేననేది అందుకే.

---

పాత_అడంగల్ | రెవెన్యూలో చేసి రిటైరైనవాణ్ణి

మీరంతా రాయి, నేల అంటున్నారు. నేను కాగితం గురించి చెబుతాను. గుట్ట కింద గరుసు భూమి అడంగల్‌లో ఎట్లా రాసి ఉంటుంది? 'గుట్ట పోరంబోకు', 'బీడు', 'సాగుకు అనర్హం'. ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే మొదట చూసేది ఈ భూమినే. ఇళ్ల స్థలాలైనా, గ్రావెల్ క్వారీ అయినా, సోలార్ అయినా, చెత్త డంపు అయినా, 'పంట భూమి కాదు కదా, నష్టమేముంది' అని ఫైలు కదులుతుంది. పంట పండే రేగడి పొలం మార్చాలంటే వంద ప్రశ్నలు. నీళ్లు దిగే గరుసును మార్చాలంటే ఒక్క ప్రశ్న రాదు. నా సర్వీసంతా ఇదే చూశాను.

అందుకని తమ్ముడూ, నీ మ్యాపులో సర్వే నంబర్లు లేకపోతే దాన్ని ఆఫీసులో ఎవరూ చదవరు. ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు హద్దుల కొలతల) స్కెచ్‌లు తెచ్చి రీచార్జ్ తావుల మీద వేసుకో. వంక పోరంబోకు, కుంట పోరంబోకు సర్వే నంబర్లు విడిగా జాబితా రాయి. ఎందుకంటే వాటికి చట్టం అండ ఇప్పటికే ఉంది. ఉమ్మడి భూముల ఆక్రమణల మీద 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోర్లకు అనుమతి కావాలి, తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి వేయకూడదు. కొత్త చట్టం కోసం ఎదురు చూడనక్కర్లేదు, ఉన్నదాన్ని సర్వే నంబరుకు కట్టాలి.

---

గాలిమర | ఉరవకొండ

గుట్టల మీద గాలిమరలు వచ్చినప్పటి నుంచి ఒకటి గమనిస్తున్నా. మర కంటే దానికి వేసిన రోడ్డే ఎక్కువ తేడా చేసింది. పెద్ద ట్రైలర్లు ఎక్కాలని వెడల్పుగా గుట్ట చుట్టూ తొలిచినారు. వానొస్తే ఇదివరకు గుట్టంతా పరుచుకొని దిగే నీళ్లు ఇప్పుడు ఆ రోడ్డు వెంబడి ఒకే వంకలోకి వచ్చి పడతాయి. కింద గరుసులోకి దిగే తీరిక వాటికి లేదు. నేరుగా వంక, వంకలోంచి ఏరు. రోడ్డు పక్క అక్కడక్కడ నీళ్లు తిప్పేసే అడ్డకట్టలు వేసుంటే పోయేది.

సోలార్ కూడా అంతే. కర్నూలు వైపు గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల పార్కు ఉంది కదా, అంత విస్తీర్ణంలో పలకలు పరిస్తే నీళ్ల దారి మారకుండా ఉండదు. పలకల అంచు నుంచి నీళ్లు ధారగా పడి అక్కడే గాడి తీస్తాయి. అడుగున గడ్డి ఉండనిస్తే, వరసల మధ్య కందకం తీస్తే ఫర్వాలేదు. చదును చేసి గ్రావెల్ కొట్టి రోలర్ తిప్పితే మాత్రం అది సిమెంటు గచ్చుతో సమానం. కాబట్టి 'సోలార్ పనికిరాదు' అని కాదు, 'ఇట్ల చేస్తే పనికొస్తుంది' అని రాయండి మ్యాపులో.

---

రాతిపొర

గాలిమర గారి మాట పట్టుకో తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకు జవాబు అందులో ఉంది. 1976లో ఎఫ్‌ఏఓ (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ) భూమి మదింపుకు ఒక చట్రం ఇచ్చింది. అందులో మొదటి సూత్రమే, ఒక భూమి మంచిదా చెడ్డదా అని తేల్చకూడదు, ఫలానా వాడకానికి ఎంత తగింది అని తేల్చాలి. బాగా తగినది, ఒక మోస్తరు, అంతంత మాత్రం, తగనిది అని తరగతులు. నువ్వు ఒకే మ్యాపు వేస్తున్నావు. వాడకానికొక మ్యాపు వెయ్. ఇళ్లకు ఒకటి, తోటలకు ఒకటి, మేతకు ఒకటి, గ్రావెల్ తవ్వకానికి ఒకటి. ఒకే గరుసు నేల మేతకు బాగా తగినది అవుతుంది, తవ్వకానికి తగనిది అవుతుంది.

---

చీనీతోట

అంతా బాగానే ఉండాది గానీ, ఒకటడుగుతా. గుట్ట కింద ఉండేదంతా పోరంబోకు కాదు. డీ పట్టా భూములుండాయి, మాదిగవాడ, బోయగేరి వాళ్లకి సర్కారు ఎప్పుడో ఇచ్చినవి. వాళ్లకున్నదే ఆ రెండు మూడెకరాలు. దాని మీద నీలం రంగేసి 'ఇక్కడ ఏం చేయొద్దు' అంటే వాళ్లేం తినాల? కింద నాలాంటోడు చీనీ పెట్టుకొని లక్షలు చూసుకోవాలా? నీళ్లు దిగేది వాళ్ల నేలలో, పైసలు పండేది నా నేలలో. మ్యాపు గీసేవాళ్లకి ఇది కనపడాల.

---

నీటిగుంత_అక్క

ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ భూముల్లో పనులు పెట్టొచ్చు కదన్నా. వాలుకు అడ్డంగా కందకాలు, రాతి కట్టలు, గట్ల మీద సీతాఫలం, కానుగ. ఉపాధి కింద కూలీ వాళ్లకే వస్తుంది, చెట్టు ఫలం కూడా వాళ్లదే. మేం చేసిన చోట ఇట్లాంటి నేల పట్టాదారులు సంతోషంగానే ఒప్పుకున్నారు.

---

చీనీతోట

కూలీ ఒక ఏడాది వస్తాదక్కా. నీళ్లు ఏటా కిందికి వస్తాయి.

---

పాత_అడంగల్

ఏపీఫామ్స్ అని ఒక భూగర్భ జలాల ప్రాజెక్టు 2000ల్లో ఏడు జిల్లాల్లో నడిచింది, మన అనంతపురం, కడప, కర్నూలు మూడూ అందులో ఉన్నాయి. రైతులే బోర్ల మట్టం కొలుచుకొని, ఊరికి ఈ ఏడు ఎన్ని నీళ్లున్నాయో బోర్డు మీద రాసి, దాన్నిబట్టి రబీ పంట వేసుకునేవాళ్లు. బలవంతం లేదు. లెక్క అందరికీ తెలిసేది, అంతే. అన్న అడిగినదానికి అది పూర్తి జవాబు కాదు, కానీ పైవాడి నేల లెక్క కూడా ఆ బోర్డు మీద పెడితే మాట మొదలవుతుంది.

---

పోరుమామిళ్లోడు | కడప జిల్లా

ఆలస్యంగా వచ్చాను. మా చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెక్కించినారు అందులో. కట్ట కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం... ఇవి దోషాలు. నీళ్ల రాక తక్కువై తడపాల్సిన నేల ఎక్కువైనా దోషమే. రాతిపొర గారి 20 ఎకరాల లెక్క చూస్తుంటే అదే గుర్తొచ్చింది. తగిన నేల ఏది, తగనిది ఏది అని చూసే పని మన దగ్గర కొత్తదేం కాదు. ఆ రెండు రాజ్యాల సరిహద్దు దోషం చూస్తే, మన రెండు పంచాయతీల మధ్య చెరువుల గొడవలన్నీ కళ్లముందు తిరుగుతాయి.

---

గుట్టకింద_కుర్రోడు

అందరి మాటా రాసుకున్నా. వర్షపాతం, వంకల సాంద్రత తీసేసినా. పగుళ్లు చేత్తో మళ్లీ గీస్తాండా. రాతిపొర సార్ చెప్పినట్టే సగం రోడ్లే వచ్చినాయి. ఊర్లో పాత బావులు చూస్తే గుట్ట తూర్పు వైపు మెత్తరాయి మందంగా ఉంది, పడమర వైపు బండ పైకే ఉంది. పడమర పక్క నల్లరాయి ఒకటి గోడ మాదిరి అడ్డంగా పోయింది. దాని ఎగువన బావులు పాతకాలంలో బాగా పారేవంట, దిగువన ఎప్పుడూ ఎండే.

కాబట్టి వెయిట్ల లెక్క పక్కన పెట్టి, ముందు తూర్పు గరుసు పట్టీని మూడు ముక్కలు చేసినా. పోరంబోకు, డీ పట్టా, సొంత పట్టా. పోరంబోకులో తవ్వకం, చెత్త, ఇళ్ల స్థలాలు వద్దని తీర్మానం. మేతకు ఓకే. డీ పట్టాలో కందకాలు, చెట్లు, పట్టాదారు సంతకంతోనే. సొంత పట్టాలో వాళ్లిష్టం, కానీ నీళ్ల దారి మూయొద్దు.

చీనీతోట అన్నా, మీరడిగింది కూడా పెట్టినా. కింద బోరున్న తోటలు ఏడాదికి కొంత పంచాయతీ నిధికి ఇవ్వాలని, అది పైవాళ్ల గట్ల మరమ్మతుకు వాడాలని. కమిటీలో ఇద్దరు అప్పుడే ముఖం చిట్లించినారు. వాళ్లిద్దరికీ తోటలుండాయి.

---

రాతిపొర

నల్లరాతి గోడ మాట మ్యాపు మీద లావు గీతగా పెట్టు, అది డోలరైటు డైక్ అయ్యుంటుంది. లోపల్లోపల నడిచే నీళ్లకు ఆనకట్ట లాంటిది. దాని ఎగువన చెక్‌డ్యామ్ కడితే ఎగువ బావులకే ఉపయోగం, దిగువవాళ్లకు ఆశ చూపించొద్దు.

---

చీనీతోట

ఎంతనుకుంటాండారు ఎకరాకు? నేను ఇస్తా. మిగతావాళ్ల మాట నేను చెప్పలేను.

---

పాత_అడంగల్

రేటు గ్రామసభలోనే తేల్చండి, ఇక్కడ వద్దు. తమ్ముడూ, తీర్మానంలో 'రీచార్జ్ జోన్' అని మాత్రమే రాయకు, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు రాయించు. సభకు ముందు ఎఫ్‌ఎంబీ కాపీలు సచివాలయంలో సర్వేయర్ దగ్గర తీసుకో, ఆ రోజు పోతే దొరకవు.